సుఖప్రియత్వమును జయించుట: అగస్టీన్ 'కన్ఫెషన్స్' పదవ భాగముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

అపొస్తలుడైన పౌలు అంత్యదినముల మనుష్యులను వర్ణిస్తూ ఇచ్చిన జాబితా స్వార్థప్రేమతో మొదలై, దేవునికంటె సుఖానుభవమును ఎక్కువగా ప్రేమించుటతో ముగుస్తుంది (2 తిమోతి 3:2–4). మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఉన్న పాపములన్నీ ఈ రెండు తప్పుడు ప్రేమల నడుమ ఇమిడి ఉన్నాయి. ఆ వెంటనే వచ్చే 5వ వచనము మనలను మరింత కలవరపెట్టాలి. వీరు భక్తి లేనివారు కారు. పైకి భక్తి ఆకారము గలవారు. అనగా పౌలు మాట్లాడుతున్నది సంఘము బయట ఉన్నవారిని గూర్చి మాత్రమే కాదు, ఆదివారము మన ఎదుట కూర్చుండేవారిని గూర్చి కూడా.

ఈ విషయమై మన ప్రసంగ వేదికలు రెండు దారులలో నడుస్తున్నాయి. ఒకటి నిషేధముల దారి: సినిమా వద్దు, సారా వద్దు, నగలు వద్దు, ఫోను వద్దు. రెండవది ఆశీర్వాదముల దారి: విశ్వసించు, ఇల్లు వస్తుంది, కారు వస్తుంది. పైకి ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధములు. లోతుగా చూస్తే రెండింటికీ పునాది ఒక్కటే. నిజమైన సుఖము వస్తువులలోనే ఉన్నదని రెండూ నమ్ముతున్నాయి. ఒకటి దాన్ని తీసివేస్తానంటుంది, మరొకటి దాన్ని ఇప్పిస్తానంటుంది. దేవునియందు ఆనందము అనే మాటకు ఈ రెండు దారులలోనూ చోటు దొరకడం లేదు.

ఈ ప్రశ్నతో పదహారు శతాబ్దముల క్రితమే పోరాడిన దైవజనుడు హిప్పో బిషప్పైన అగస్టీన్ (క్రీ.శ. 354–430). ఆయన వ్రాసిన 'కన్ఫెషన్స్' మన సెమినరీలలో సాధారణంగా సంఘచరిత్ర పాఠముగానో, మారుమనస్సు సాక్ష్యముగానో చదవబడుతుంది. అందులోని పదవ భాగమును సుఖప్రియత్వముపై కాపరి బోధగా చదివి, దాని బలమును, లోపమును వాక్యపు వెలుగులో తూచడమే ఈ వ్యాసము ఉద్దేశము.

1. వాక్యములోని పదములు

2 తిమోతి 3:4లో 'సుఖానుభవమును ప్రేమించువారు' అనుటకు గ్రీకులో 'ఫిలేదొనోయ్' అను పదమున్నది. దానికి ఎదురుగా 'ఫిలోథెయోయ్', అనగా దేవుని ప్రేమించువారు అను పదమున్నది. ఈ రెండు పదములూ క్రొత్త నిబంధనలో ఇక్కడ తప్ప మరెక్కడా కనబడవు. పౌలు వాటిని జంటగా నిలబెట్టడములోనే అర్థమున్నది. మనిషి ఏదో ఒకదాన్ని ప్రేమించక మానడు; ఏది ముందు అన్నదే ప్రశ్న.

'హేదొనే', అనగా భోగము అను పదము క్రొత్త నిబంధనలో ఐదుసార్లు వస్తుంది: లూకా 8:14, తీతు 3:3, యాకోబు 4:1, 4:3, 2 పేతురు 2:13. ఐదు చోట్లా అది చెడ్డ అర్థములోనే ఉన్నది. విత్తువాని ఉపమానములో అది వాక్యమును అణచివేసే ముండ్లలో ఒకటి. యాకోబులో అది ప్రార్థనను చెడగొట్టేది. ఇంతవరకే చూస్తే నిషేధముల దారియే సరియైనదని అనిపిస్తుంది.

అయితే 'అపొలౌసిస్', అనగా అనుభవించుట అను మరియొక పదము రెండుసార్లు కనబడుతుంది. హెబ్రీ 11:25లో అది మోషే త్రోసివేసిన అల్పకాల పాపభోగము. 1 తిమోతి 6:17లో మాత్రము అదే పదము, మనము అనుభవించుటకు సమస్తమును ధారాళముగా దయచేయు దేవుని గూర్చి చెప్పబడింది. ఒకే పదము ఒకచోట విడిచిపెట్టవలసినది, మరొకచోట దేవుని దయ. గనుక లేఖనము అనుభవమును ద్వేషించడం లేదు. అది దేవుని స్థానములో కూర్చుండుటను ద్వేషిస్తున్నది.

2. అగస్టీన్ బోధ

అగస్టీన్ క్రీ.శ. 387లో ఈస్టరు సమయమున మిలానులో అంబ్రోసు చేత బాప్తిస్మము పొందాడు. దాదాపు పది సంవత్సరముల తరువాత, బిషప్పుగా ఉండి 'కన్ఫెషన్స్' వ్రాశాడు. మొదటి తొమ్మిది భాగములు గడచిన జీవితమును గూర్చినవి. పదవ భాగములో ఆయన తన ప్రస్తుత స్థితిని పరీక్షించుకుంటాడు. ఇది గమనించదగినది. మారుమనస్సుతో పోరాటము ముగిసిందని ఆయన చెప్పడు. సేవలో ఉన్న దైవజనుడు ఈనాడు దేనికి లొంగుతున్నాడు అని అడుగుతాడు.

ఆయన తీసుకున్న కొలబద్ద 1 యోహాను 2:16: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. శరీరాశ క్రింద స్వప్నములు, ఆహారము, సువాసనలు, సంగీతము, చూపు అనువాటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తాడు. ఆహారమును గూర్చి ఆయన చేసిన పరిశీలన సూక్ష్మమైనది (10.31). ఆకలి తీర్చుకొనుటకు తింటాము. ఆకలి తీరే దారిలోనే రుచి అనే వల పన్నబడి ఉన్నది. ఆరోగ్యమునకు చాలినది రుచికి చాలదు. ఎక్కడ అవసరము ముగిసి ఎక్కడ భోగము మొదలైందో తేల్చుకోవడం కష్టము. ఆ అస్పష్టతను మనస్సు తనకు సాకుగా వాడుకుంటుంది.

నేత్రాశను ఆయన కేవలము కామపు చూపుగా కాక, ఊరకే చూడాలన్న కుతూహలముగా వివరించాడు (10.35). కుక్క కుందేలును తరమడం చూచుటకు తాను ఇక క్రీడాశాలకు వెళ్లనని, కాని పొలములో అదే దృశ్యము ఎదురైతే మనస్సు దాని వెంట పోతుందని అంటాడు. బల్లి ఈగలను పట్టడం కూడా తన ధ్యానమును దొంగిలిస్తుందట. చేతిలోని ఫోనులో ఒకదాని వెంట ఒకటి వచ్చే రీళ్లను చూస్తూ అర్ధరాత్రి దాటించే యువకునికి ఈ పేరాకంటె దగ్గరి వ్యాఖ్యానము దొరకడం కష్టము. అతడు చూసినది అశ్లీలము కాకపోవచ్చు. అయినను అతని సమయము, నిద్ర, ప్రార్థన పోయాయి.

3. ఈ బోధలోని బలము

మొదటిది, సుఖము బంధకముగా మారే క్రమమును అగస్టీన్ స్పష్టముగా చూపాడు. వక్రమైన చిత్తమునుండి దురాశ, దురాశకు సేవ చేయగా అలవాటు, అలవాటును ఎదిరించనందున అవశ్యకత పుట్టాయని ఎనిమిదవ భాగములో చెబుతాడు (8.5). తల్లియైన మోనికా చిన్ననాటి సంగతి దీనికి సాక్ష్యము (9.8). పీపాలోనుండి ద్రాక్షారసము తెచ్చుటకు పంపబడిన ఆ బాలిక మొదట పెదవి తడుపుకొన్నది. రోజుకు కొంచెము చొప్పున పెరిగి చివరకు గిన్నెలకు గిన్నెలు త్రాగసాగింది. పనిపిల్ల తగవులో ఎత్తిపొడిచిన ఒక్క మాటతో సిగ్గుపడి మానివేసింది. ఎవ్వరూ ఒకేసారి త్రాగుబోతు కాలేదు. పెదవి తడుపుకొనుటతోనే మొదలుపెట్టారు.

రెండవది, సుఖప్రియత్వము ఒంటరి పాపము కాదని ఆయనకు తెలుసు. స్నేహితుడైన అలీపియుస్‌ను రోమాలో తోటి విద్యార్థులు బలవంతముగా ఖడ్గయోధుల పోటీలకు లాగుకొని పోయారు (6.8). అతడు కన్నులు మూసుకొని, తన మనస్సు మీద తనకు నమ్మకముతో కూర్చున్నాడు. జనము ఒక్కసారి కేక వేయగానే కన్నులు తెరిచాడు. ఆ రక్తదర్శనమునకు మత్తెక్కి, తరువాత తానే ఇతరులను అక్కడికి తీసుకుపోయేవాడయ్యాడు. స్వశక్తిపై నమ్మకముతో శోధన మధ్య కూర్చుండుట జయము కాదని ఈ సంగతి చెబుతున్నది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: విడుదల అనగా ఖాళీ కావడము కాదు. తొమ్మిదవ భాగము ఆరంభములో, పోగొట్టుకొనుటకు తాను భయపడిన సుఖములను విడిచిపెట్టడమే తనకు ఆనందమైందని, వాటిని వెళ్లగొట్టి దేవుడే వాటి స్థానములో ప్రవేశించాడని ఆయన సాక్ష్యమిస్తాడు (9.1). స్కాట్లాండు కాపరి థామస్ చాల్మర్స్ ప్రసంగము కూడా ఇదే చెప్పింది: పాత ప్రేమను ఖాళీ చేయలేము, దానికంటె బలమైన ప్రేమ మాత్రమే దాన్ని వెళ్లగొట్టగలదు. ఊడ్చి అమర్చినను ఖాళీగా విడువబడిన ఇంటిని గూర్చి మన ప్రభువు చేసిన హెచ్చరిక (మత్తయి 12:43–45) ఈ సత్యమునకు మూలాధారము. నిషేధములు ఇల్లు ఊడ్చగలవు. నివాసిని తీసుకొని రాలేవు. అందుకే పదవ భాగములో అగస్టీన్, దేవుడు ఆజ్ఞాపించేదాన్ని దేవుడే అనుగ్రహించాలని వేడుకుంటాడు (10.29). ఈ ప్రార్థన పెలగియుస్‌కు మింగుడుపడలేదు. చిత్తబలమును నమ్ముకొన్నవారికి నేటికీ మింగుడుపడదు.

4. లోపములు

ఇంత గొప్ప బోధనైనను వాక్యముతో తూచక అంగీకరించకూడదు. మాకు మూడు లోపములు కనబడుతున్నాయి.

ఒకటి, సృష్టిలోని మంచిని కృతజ్ఞతతో పుచ్చుకొనుటకు పదవ భాగములో చోటు తక్కువ. ఆహారమును ఔషధమువలె పుచ్చుకొనుట దేవుడు తనకు నేర్పాడని ఆయన అంటాడు. ఆహారము అపవిత్రము కాదని, దోషము ఆశలోనే ఉన్నదని ఆయన ఒప్పుకున్నమాట నిజమే. అయినను ఆయన బల్ల యొద్ద కాపలా ఎక్కువ, స్తుతి తక్కువ. ద్వితీయోపదేశకాండము 14:26 దేవుని సన్నిధిని తిని సంతోషించుమంటుంది. కానాలో ప్రభువు విందును ఆపక, ద్రాక్షారసమునిచ్చాడు. ఆహారమును నిషేధించు బోధను 1 తిమోతి 4:3–5 ఖండిస్తుంది. సంగీత విషయములోనూ ఆయన ఊగిసలాడతాడు (10.33). పాటలోని భావముకంటె రాగమే తన్ను కదిలిస్తే అది పాపమని భయపడి, చివరకు బలహీనుల మేలు కొరకు సంఘములో పాటను సమ్మతిస్తాడు. డోలకు, తాళములతో కీర్తనలు పాడి విశ్వాసములో పెరిగిన తెలుగు సంఘము దీనికి సంతోషముతోనే భిన్నాభిప్రాయము చెప్పగలదు. అయితే రాగమే ఆరాధనయైపోయినప్పుడు ఆయన భయము వ్యర్థము కాదని కూడా ఒప్పుకోవాలి.

రెండు, తన సుఖమునకు ఇతరులు చెల్లించిన వెలను ఆయన లెక్కించలేదు. అనేక సంవత్సరములు తనతో కాపురము చేసి, కుమారుని కన్న స్త్రీని, ఏర్పాటైన వివాహమునకు అడ్డు అని ఆఫ్రికాకు పంపివేశారు (6.15). ఆమె పేరైనను గ్రంథములో లేదు. తన హృదయమునకు కలిగిన గాయమును ఆయన వర్ణించాడు. కుమారుని విడిచి వెళ్లిన తల్లి గాయమును వర్ణించలేదు. ఆమె తరువాత మరొక స్త్రీని చేర్చుకొన్నందుకు తన్ను తాను నిందించుకొన్నాడు, కాని మొదటి ఆమెకు జరిగిన అన్యాయమును పేరు పెట్టి పిలువలేదు. సుఖప్రియత్వము ముందుగా దెబ్బతీసేది ఇంటిలోని బలహీనులను. త్రాగుడు మానినవాని సాక్ష్యము విని సంఘము హల్లెలూయా అంటుంది. ఇన్నేండ్లు కూలిపని చేసి పిల్లలను పోషించిన అతని భార్యను వేదిక మీదికి పిలిచేవారెవరు?

మూడు, పదవ భాగపు ఆత్మపరీక్షలో బీదవాడు దాదాపు కనబడడు. దేవుని ఎదుట ఒంటరి ఆత్మ నిలబడి తన్ను తాను శోధించుకుంటున్నది. లేఖనములో సుఖభోగము తరచుగా పొరుగువానితో ముడిపడి ఉంటుంది. ఆమోసు దంతపు మంచములపై పరుండి యోసేపు సంతతివారి నాశనమునకు చింతపడనివారిని గద్దించాడు (6:4–6). ధనవంతుని వాకిట లాజరు ఉన్నాడు (లూకా 16:19–21). యాకోబు సుఖముగా బ్రదికినవారిని గద్దించినప్పుడు, అంతకు ముందే పనివారి బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నదని చెప్పాడు (5:4–5). 'నేను ఎక్కువ తిన్నానా?' అన్నది అగస్టీన్ ప్రశ్న. 'నేను తిన్నది ఎవరిది?' అన్నది యాకోబు ప్రశ్న. రెండవది లేకుండా మొదటిది సంపూర్ణము కాదు.

5. కాపరులకు కొన్ని సూచనలు

ఈ పరిశీలన నుండి సేవకు అవసరమైన మూడు సంగతులను మనవి చేస్తున్నాము.

మొదట, పాపముగా మారిన అలవాటునూ, శరీరమును పట్టిన వ్యసనమునూ కాపరి గుర్తెరగాలి. చాలాకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానివేస్తే వణుకు, మూర్ఛలు, ప్రాణాపాయము కూడా కలుగవచ్చు. అట్టివానికి ప్రార్థనతోపాటు వైద్యుని పర్యవేక్షణ అవసరము. వైద్యుని యొద్దకు పంపుట అవిశ్వాసము కాదు. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచినవాడు పౌలే.

రెండవది, మానుమని చెప్పిన ప్రతిచోట ఏమి చేయాలో చెప్పాలి, తోడుగా ఎవరుండాలో చూపాలి. అలీపియుస్‌ను పాడుచేసినది స్నేహబృందమైతే, నిలబెట్టవలసినది కూడా స్నేహబృందమే. రాత్రి పది గంటల తరువాత ఫోను పక్కన పెట్టుటకు ఒక యువకుడు ఒంటరిగా తీర్మానించుకుంటే అది వారము నిలవదు. ముగ్గురు కలిసి తీర్మానించుకొని, ఒకరినొకరు అడుగుకొంటే నిలుస్తుంది. పౌలు కూడా యౌవనేచ్ఛలనుండి పారిపొమ్మని ఊరుకోలేదు. పవిత్ర హృదయులై ప్రార్థన చేయువారితో కూడ నీతిని వెంటాడుమన్నాడు (2 తిమోతి 2:22).

మూడవది, ఉపవాసమును పొరుగువానితో ముడిపెట్టాలి. లెంటు దినములలో మాంసము మానేవారు మన సంఘములలో అనేకులు. మానిన మాంసపు వెల ఎక్కడికి పోయింది? ఆకలిగొనినవానికి ఆహారము పంచిపెట్టుటయే దేవుడు కోరిన ఉపవాసమని యెషయా 58:7 చెబుతున్నది. వెల మన సంచిలోనే మిగిలితే అది పొదుపు. బీదవాని పళ్లెములోనికి పోతే అది ఉపవాసము.

1 తిమోతి 6:17లో అనుభవించుటకు ఇచ్చు దేవుని గూర్చి చెప్పిన పౌలు, 18వ వచనములో ఔదార్యమును, పంచుకొనుటను ఆజ్ఞాపించాడు. అనుభవమునూ పంపకమునూ ఆయన విడదీయలేదు. దేవుని చేతినుండి కృతజ్ఞతతో పుచ్చుకొని, పొరుగువానికి పంచి, మిగిలినదానితో సంతోషించే విశ్వాసి సుఖమును ద్వేషించనక్కరలేదు. దానికి దాసుడు కానూ కాడు. మన విద్యార్థులు అగస్టీన్ పదవ భాగమును తప్పక చదవాలి. దాని పక్కన యాకోబు 5వ అధ్యాయమును తెరిచి ఉంచుకొని చదవాలి.