రెన్వార్ చిత్రించిన వేసవి వంతెన

ఎండను చిత్రించడం సులభమని, పసుపు మెండుగా పూస్తే చాలునని కొందరి తలంపు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1872లో పారిస్ నగరపు పోన్ నెఫ్ వంతెనను చిత్రించిన పటం ఈ తలంపును సరిదిద్దుతుంది. ఇది నేడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది.

పోన్ నెఫ్ అనగా కొత్త వంతెన. 1578లో ఆరంభించి 1607లో ముగించిన ఈ కట్టడమే ఇప్పుడు ఆ నగరంలో సేన్ నదిపై నిలిచియున్న వంతెనలలో మిక్కిలి పాతది. అయినా పేరు మారలేదు. తరతరాలుగా ఒకేచోట కాపురముండి ఇంకను ‘వచ్చినవారు’ అనిపించుకొనే మన పాఠకులకు ఈ సంగతి చిరునవ్వు తెప్పించవచ్చును.

సమయం మిట్టమధ్యాహ్నం. వెలుగు తీవ్రతకు చిన్న వివరాలు కరగి, ఆకారాలు మాత్రమే మిగిలినవి. నీడలలో నలుపు లేదు, చల్లని నీలమున్నది. ఎండ ప్రక్కన నీడ నీలిగా తోచునన్న పరిశీలనయే ఈ పటానికి ప్రాణం. రెన్వార్ ఎదుటి కాఫీశాల మేడపై కూర్చుండగా, తమ్ముడు ఎడ్మండ్ వంతెనపై పోయేవారిని ఏదో ఒక ప్రశ్నతో నిలిపేవాడట. ఆ క్షణంలో అన్న వారి రూపాన్ని గీసుకొనేవాడు.

అంతకు ముందటి సంవత్సరమే ఆ నగరం ముట్టడిని, కమ్యూన్ నాటి రక్తపాతాన్ని, మంటలను చూచినది. ఆ గాయం పటంలో కానరాదని, చిత్రకారుడు సత్యాన్ని దాటవేసినాడని ఆక్షేపించవచ్చును. మేము అట్లు తలంచము. జెండా ఎగురుతున్నది, సైనికులు జనంలో కలిసి నడుస్తున్నారు, బండ్లు సాగుతున్నవి, స్త్రీలు గొడుగులు పట్టినారు. నిన్నటి భయం తీరి జనం వంతెన దాటుతున్నారు. చిత్రకారుడు చెప్పదలచిన వార్త అదే.

మా ఆక్షేపణ వేరు. ఇందులో వెలుగున్నది గాని వేడిమి లేదు. ఇంత ఎండలో అలసినవాడు, చెమట తుడుచుకొనేవాడు, నీడకై వెదకేవాడు ఒక్కడూ లేడు. మన వేసవి నెరిగిన కంటికి ఈ కొరత తోచక మానదు. దాదాపు ఇదే తావును మోనే వానలో చిత్రించినాడు. అందులో తడిసిన వీధిలో సాగే జనపు తొందర మనకు తెలుస్తుంది. రంగుల పొందికలో మాత్రం రెన్వార్‌దే పైచేయి.

అచ్చు ప్రతి దొరికినవారు మొదట దానిని దూరాన నిలిపి ఎండను చూడవలెను. పిమ్మట దగ్గరగా తెచ్చి, గడ్డిటోపీతో, చేతికర్రతో రెండుచోట్ల కనబడే ఎడ్మండ్‌ను వెదకవలెను.