నిద్ర పట్టలేదు సరే, ఎందుకని?

ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా అక్కడే నాకు దిగంబర కవుల సంపుటి దొరికింది. నాంపల్లి స్టేషన్ దగ్గర హోటల్లో కూచుని చాయ్ చల్లారిపోయేదాకా చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మూడు పేజీల వ్యాసం రాసి, నాకంటే బాగా పెద్దయిన ఒక స్నేహితుడికి చూపించాను. రక్తం మరిగింది, ఒళ్లు జలదరించింది... అన్నీ ఇవే.

ఆయన ఓపిగ్గా చదివి, "మంచిగ రాసినవ్ తమ్మీ. ఇందుల నీ గురించి ఉన్నది. కవిత్వం గురించి ఏడున్నది?" అన్నాడు.

కోపం వచ్చింది. జవాబు లేకపోవడం వల్లే వచ్చిందని తర్వాత తెలిసింది.

నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఈ ఆరుగురి మొదటి సంపుటిని 1965లో, అర్ధరాత్రి, ఇదే ఆబిడ్స్‌లో ఆవిష్కరించింది నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. ఈ కథ వింటేనే మనసు కరిగిపోతుంది. ఇక కవితల్ని పరీక్షించాలని ఎవరికి తోస్తుంది?

రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. చెరబండరాజు 'వందేమాతరం' దగ్గర ఆగిపోయాను. పూజలందుకునే దేశమాత బొమ్మను ఆ కవిత బద్దలు కొడుతుంది. ఆ తెగువ నిజమైంది, ఇవాళ్టికీ అవసరమైంది. కానీ దేశం దిగజారిందని చెప్పడానికి స్త్రీ శరీరం అమ్ముడుపోవడాన్నే కొలబద్దగా పెట్టుకుంది. అంటే బొమ్మ పగిలింది గానీ, శీలం అనే పాత తూకంరాయి మాత్రం అలాగే ఉంది. మొదటిసారి నా ఆవేశం దీన్ని చూడనివ్వలేదు. కవిత మీద ప్రేమ పోలేదు, లెక్క మారింది, అంతే.

తర్వాత రాచమల్లు రామచంద్రారెడ్డి చేతికొచ్చాడు. దిగంబర కవుల్ని గట్టిగా విమర్శించినవాళ్లలో రారా ఒకడు. ఆయన నడిపిన పత్రిక పేరు 'సంవేదన', విమర్శ పుస్తకం పేరు 'సారస్వత వివేచన'. ఒకే మనిషికి రెండూ కావాల్సొచ్చాయి. నేనేమో కొన్నాళ్లు రారా మాటే వేదమన్నట్టు తిరిగాను. ఎవరేం మాట్లాడినా "రారా ఏమన్నాడంటే" అని మొదలుపెట్టేవాణ్ని. అదీ ఆలోచన కాదు. భక్తి అలాగే ఉంది, దేవుడు మారాడు.

మన సభల్లో, ఫేస్‌బుక్ పోస్టుల్లో 'కన్నీళ్లొచ్చాయి' అంటే తీర్పు అయిపోయినట్టే. కన్నీళ్లు అబద్ధం కావు. అవి తీర్పు కూడా కావు, సాక్ష్యం. ఏ వాక్యం దగ్గర వచ్చాయి, ఆ వాక్యం ఏం చేసింది, ఎవర్ని చూపించి ఎవర్ని దాచింది అని అడిగితేనే ఆ సాక్ష్యానికి విలువ.

నా మొదటి వ్యాసంలో పాండు మీద ఒక పేరా ఉంది. అందులో ఆయన ఒక్క మాటా మాట్లాడడు. కవుల ధైర్యానికి గుర్తుగా నిలబడతాడు, అంతే. ఆ కవితలు ఆయనకు ఎలా వినిపించి ఉంటాయో అన్న ప్రశ్న కూడా నాకు రాలేదు. రిక్షావాడి మీద అంత జాలి ఒలకబోసినవాణ్ని, ఆయనకూ ఒక అభిప్రాయం ఉంటుందని అనుకోలేకపోయాను.

ఆ వ్యాసం ఇప్పుడు తిరగరాస్తున్నాను. 'నిద్ర పట్టలేదు' అన్న వాక్యం కొట్టెయ్యలేదు. దాని పక్కన 'ఎందుకని?' అని రాసుకున్నాను.