సెక్టార్ 9, షహీద్ ఆసుపత్రి: పసిబిడ్డ వైపు నుంచి

భిలాయి ఉక్కు పేరు చెప్పుకుని రెండు ఆసుపత్రులు పుట్టాయి. ఒకటి సెక్టార్ 9లో కర్మాగారం సొమ్ముతో లేచిన జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. రెండోది అక్కడికి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరాన, భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో, గని కూలీలు చందాలేసుకుని, సొంత చెమటతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి. వీటిని పోల్చేవాళ్ళు మామూలుగా యాజమాన్యం, కార్మికులు అని గీత గీసి ఏదో ఒక పక్కన నిలబడతారు. జ్వరంతో కాలిపోతున్న ఏడాది పిల్లకు ఆ గీతతో పనిలేదు. ఆ పిల్ల వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో భిలాయి చేరారు. పర్మినెంట్ ఉద్యోగం దొరికినవాళ్ళకు క్వార్టరుతో పాటు మెడికల్ బుక్ కూడా వచ్చింది. అందులో పేరున్న బిడ్డకు కాన్పు నుంచి టీకాల దాకా, దగ్గు నుంచి ఆపరేషన్ దాకా ఒకే ఆసుపత్రి. జేబు తడుముకోకుండా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళగలగడం ఈ దేశంలో చిన్న విషయం కాదు. నెలలు నిండక పుట్టిన పసిగుడ్డు ఊపిరి అందక నీలంగా మారుతుంటే కావలసినవి ఆక్సిజన్, ఇంక్యుబేటర్, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు. ఆ పూట సెక్టార్ 9కే నా ఓటు. ఇందులో తటపటాయింపు లేదు.

చిక్కల్లా ఆ బుక్కుతోనే. బిడ్డ హక్కు బిడ్డది కాదు, తండ్రి ఉద్యోగానిది. భిలాయి మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ, పర్మినెంట్ కార్మికుడికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య ఉన్నది జీతం తేడా మాత్రమే కాదు, వర్గం తేడా అంటాడు. ఆయన పరిశీలనకు ఆసుపత్రి కౌంటరు కన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? ఒకే కొలిమి దగ్గర వేడి తిన్న ఇద్దరు తండ్రుల్లో ఒకడి బిడ్డకు బుక్కు, రెండోవాడి బిడ్డకు బిల్లు. కాంట్రాక్టరు పేరు నమోదు చేసి ఉంటే, జీతం నెలకు 21,000 దాటకపోతే, ఈఎస్ఐ ఉంటుంది. లేదంటే సుపేలా ప్రభుత్వాసుపత్రో, దుర్గ్ జిల్లా ఆసుపత్రో.

దల్లీ రాజహరా కథ చావులతో మొదలవుతుంది. 1977 జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది పోయారు. ఆ తర్వాత గని కూలీల యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుంబాయి సరైన వైద్యం అందక ప్రసవంలో చనిపోయింది. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని యూనియన్ 1983 జూన్ 3న, ఆ అమరుల పేరు మీద ఆసుపత్రి తెరిచింది. బినాయక్ సేన్, ఆశిష్ కుందు, శైబాల్ జానా లాంటి డాక్టర్లు వచ్చారు. వాళ్ళ పక్కన ఆరోగ్య కార్యకర్తలుగా నిలిచింది గనిలో పనిచేసిన మనుషులే.

వాళ్ళ పద్ధతి తెలియాలంటే విరేచనాలు పట్టుకున్న బిడ్డను చూడాలి. తల్లి ముందు సెలైన్ సీసా వేలాడదీయరు, గిన్నె పెడతారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు. తలకొట్టి కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కలిపాక ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. చెంచా చెంచాగా పట్టాలి, కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాలి. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు దిలీప్ మహలనబీస్ తాగించి నిలబెట్టింది ఈ ఉప్పు, చక్కెరల సూత్రాన్నే. సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టనుకునే మన ఊళ్ళలో, అడిగినవాళ్ళకల్లా సూది పొడిచే ఆరెంపీల రాజ్యంలో, అక్కర్లేని ఇంజెక్షనూ టానిక్కూ ఇవ్వనని చెప్పే ఆసుపత్రిని నడపడం మాటలా? హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చిన ‘వైద్యుడు లేని చోట’ పుస్తకం చేసింది కూడా ఈ కోవలోని పనే. కాకపోతే పుస్తకం ఇంటికొచ్చి గిన్నె పెట్టదు.

తల్లికి నేర్పడాన్ని ఇక్కడ చికిత్సలోనే కలిపారు. సెక్టార్ 9 వంటి పెద్దాసుపత్రుల్లో అది డాక్టరుకు తీరిక దొరికితే జరిగే పని. గడియారం చూస్తూ పిల్ల ఊపిరిని ఒక నిమిషం లెక్కపెట్టడం ఏ తల్లికైనా నేర్పవచ్చు. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లకు యాభై, ఏడాది దాటితే నలభై వచ్చిందంటే న్యుమోనియా అనుమానమే, ఆలస్యం చేయకుండా బయలుదేరాలి. ఆ లెక్క తెలియని ఇంటి బిడ్డ ఎంత గొప్ప వార్డుకైనా ఆలస్యంగానే చేరుతుంది.

అలాగని షహీద్ ఆసుపత్రికి హారతి పట్టను. కొద్దిమంది డాక్టర్లు తక్కువ జీతానికి దశాబ్దాలు ఉండిపోవడం మీద నిలిచిన సంస్థ అది. అలాంటివాళ్ళు ప్రతి తరంలో దొరుకుతారని ఏ పసిబిడ్డ ప్రాణాన్నీ పందెం కాయలేం. ప్రభుత్వం మాత్రం ఈ దారి బలం కనిపెట్టింది. 2002లో ఛత్తీస్‌గఢ్ మొదలుపెట్టిన మితానిన్ కార్యక్రమంలో ఊరి ఆడమనిషే ఆరోగ్య కార్యకర్త. మూడేళ్ళకు జాతీయ స్థాయిలో ఆశా కార్యకర్తల పథకం మొదలైంది.

పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు ఆసుపత్రులకూ ఒక బలహీనత ఉమ్మడి. రెండూ హాజరు పట్టీ మీదే బతికాయి. భిలాయిలో 1980ల నడుమ అరవై వేలు దాటిన పర్మినెంట్ ఉద్యోగులు తర్వాత సగానికన్నా తక్కువకు పడిపోయారు, బుక్కున్న పిల్లలూ తగ్గారు. గనుల్లో యంత్రాలొచ్చి కూలీలు తగ్గితే చందాలూ తగ్గుతాయి. ఉక్కు మాత్రం తగ్గలేదు.

అందుకని సెక్టార్ 9ని షహీద్ ఆసుపత్రిలా మారమని అడగను, అది జరిగే పని కాదు. అడిగేది ఒక్కటే: ఐదేళ్ళలోపు బిడ్డ ఎవరి చంకనెక్కి వచ్చినా ముందు ఊపిరి లెక్కపెట్టి మందు మొదలుపెట్టాలి. తండ్రి ఏ పట్టీలో ఉన్నాడో, ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో కర్మాగారం, కాంట్రాక్టరు తర్వాత కూర్చుని తేల్చుకోవచ్చు.