ఆశ్రమవాసపర్వమున వార్ధకము: శ్రీహరికోట తలపుతో ఒక పరిశీలనము

ఆశ్రమవాసపర్వమును బోధించునప్పుడు ధర్మరాజు సేవాగుణమును మెచ్చి, భీముని కాఠిన్యమును నిందించి, అంతటితో ముగించుట మనకు పరిపాటి యైనది. ఈ తీర్పు తప్పు కాదు గాని చాలదు. పదునైదేండ్లు లోటులేని భోజనమును, శయ్యను, పరిచర్యను పొందిన ధృతరాష్ట్రుడు అడవికి ఏల పోగోరెను? పర్వమంతయు ఈ ప్రశ్నపైననే నిలిచియున్నదని మా అభిప్రాయము.

ముదిమి యన్న భయము భారతమున ఆదిపర్వముననే కానవచ్చును. శుక్రశాపమున ముసలియైన యయాతి తన జరను గ్రహింపుమని కోరగా యదువు నిరాకరించెను. సంస్కృతమూలమున అతడు నెరసిన గడ్డమును, ముడుతలను ముందు చెప్పును. పిమ్మట చెప్పునది మఱింత గమనింపదగినది: ముదుసలి పని చేయజాలడు, పడుచువారును, తన్నాశ్రయించి బ్రదుకువారును వానిని తిరస్కరింతురు. ఇది మరణభయము కాదు, అవమానభయము. ముసలివారిని లోకమెట్లు చూచునో యదువు ఎఱుగును; కనుకనే ముసలి కాజాలడు. పూరుని త్యాగమును కొనియాడు తొందరలో మనము ఈ యదువు మాటను దాటిపోవుచున్నాము.

నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమున వెలసిన తిక్కన తెనిగించిన ఉత్తరభాగమున ఈ భయము నిజమగును. ధృతరాష్ట్రుని మాట వినువాడే తనకు మిత్రుడనియు, కాదనువాడు శత్రువనియు ధర్మరాజు కట్టడి చేసెను. అందఱును విధేయులైరి. కాని ఆజ్ఞవలన పుట్టిన గౌరవము ఆజ్ఞ వినబడని చోట నిలువదు. భీముడు చెలికాండ్ర నడుమ భుజములు చఱచి, కౌరవులను చంపిన చేతులివియే యని, అంధవృద్ధుని చెవిని పడునట్లు పలికెను. వృద్ధుడు ఆ మాటను ధర్మరాజుతో చెప్పక, రహస్యముగా కటికనేలపై శయనించుచు ఆహారము తగ్గించుకొనెను. ఇంటిలోని ముదుసలుల మౌనమును ఎఱిగినవారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

భీముని పక్షమున చెప్పవలసినదియు కలదు. లక్కయింటిని, ద్యూతసభను అతడెట్లు మఱచును? ధృతరాష్ట్రుడు నిర్దోషి కాడు. తల నెరసినంత మాత్రమున పాపము కడుగబడదు. వృద్ధసేవ సచ్చరిత్రకు బహుమానమైనచో ఈ కథకు పని లేదు. అపరాధియైన ముదుసలి పట్ల మన నడవడి యెట్టిదన్నదే యిచటి పరీక్ష.

ధర్మరాజు చేసిన అసలు సేవ అన్నపానములు కాదు. వృద్ధరాజు అగ్రహారములీయగోరినచో ఈనిచ్చెను. చెఱసాలవారిని విడిపింపగోరినచో అడ్డుపడడయ్యెను. అనగా ఆయనను పుచ్చుకొనువానిగా గాక ఇచ్చువానిగా నిలిపెను. వనమునకు పోవుటకు ముందు ధృతరాష్ట్రుడు భీష్మద్రోణులకును, తన కొడుకులకును శ్రాద్ధములు చేయుటకై ధనము కోరగా భీముని దెబ్బ సరిగా ఈ చోటనే తగిలెను. భీష్మాదులకు మేమే చేయుదుము, ఈయన యేల యని అతడు వాదించెను. భుజములు చఱచుటకంటె ఇది క్రూరతరమని మేము తలంచుచున్నాము. ఆ మాట వృద్ధుని గతమును మాత్రమే పొడిచినది. ఈ వాదము ఆయన చేతిలో మిగిలిన తుది కార్యమును లాగికొనుచున్నది. అర్జునుడు భీముని వారించుటయు, ధర్మరాజు తన ధనము నిచ్చుటయు జరిగినను, తన యీవి పరుల అనుమతిపై నిలిచినదన్న సత్యము వృద్ధునికి తేటపడక తప్పలేదు.

ఈ దృష్టితో చూచినప్పుడు నెల్లూరికి దక్షిణమున, ప్రళయకావేరి యనబడు పులికాట్ సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట తలపునకు వచ్చును. 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనిదై నేడు తిరుపతి జిల్లాలో చేరిన ఈ దీవి యానాదులకు చిరకాల నివాసము. 1835లో దీవి కుంఫిణీ ప్రభుత్వమునకు వశమైన పిదప వారు తేనె, మూలికలు మొదలగు అడవి సరకులు సేకరించి యిచ్చి, ధాన్యము, బట్ట, పొగాకు పొందుచుండిరి. 1969లో రాకెట్ కేంద్రమునకు ఈ స్థలము ఎంపికయ్యెను. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరెను. దీవి యూళ్లవారు తరలింపబడిరి. ఆ ప్రయోగములు దేశమునకు చేసిన మేలును మేము తక్కువ చేయము. కాని ఏ దుంప ఏ కార్తెలో ఊరునో ఎఱిగిన ముదుసలికి అడవియే సింహాసనము. కాళ్లు ఆడకున్నను పడుచువాడు వచ్చి అడుగవలసినదే. అడవి దూరమైనచో ఆ యెఱుక ఉండును, అడుగువాడు ఉండడు. కూలి తెచ్చు మనుమడు పట్టెడన్నము పెట్టవచ్చును. అప్పుడు తాత పుచ్చుకొనువాడు మాత్రమే యగును.

స.వెం. రమేశ్ రచించిన ప్రళయకావేరి కథలను మేము ఈ కారణముననే విలువైనవిగా ఎంచుచున్నాము. అందలి అవ్వ, తాత జాలి కొఱకు నిలుపబడిన బొమ్మలు కారు. సరస్సును, దాని పలుకుబడిని పసివానికి పంచియిచ్చువారు. వృద్ధులను దయనీయులుగా మాత్రమే చూపు మన కథానికలలో ఎన్నింటికి ఈ దృష్టి కలదు?

ఈ ప్రశ్న కథకులకు మాత్రమే కాదు. పాటలకును పలుకుబళ్లకును పల్లెలకు పోవు మన విద్యార్థులు వృద్ధుల పేరు, వయస్సు, చెప్పిన మాటలు శ్రద్ధగా వ్రాసికొనుచున్నారు. ఆ ప్రశ్నావళులను మేమే కూర్చితిమి. ఆ వృద్ధులు మనలను ఏమి అడిగిరో వ్రాసికొనుటకు వానిలో గడి లేదు.