హైమన్‌డార్ఫు గ్రంథమున ఆదిలాబాదు జనసంఖ్య

జిల్లాలో జనసంఖ్య ఏల పెరిగినదని అడిగిన, జననములు హెచ్చి మరణములు తగ్గుటవలన అని మన విద్యార్థులు వ్రాయుదురు. సమాధానము తప్పు కాదు గాని ఆదిలాబాదు విషయమున చాలదు. ఎందుకు చాలదో తెలియగోరు ఉపాధ్యాయులు ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1982లో ప్రకటించిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అను ఆంగ్ల గ్రంథమును చదువవలెను.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీము నేలకొరిగిన పిదప, గోండుల స్థితిగతులను పరిశీలించు పనిని నిజాము ప్రభుత్వము ఈ మానవశాస్త్రజ్ఞునికి అప్పగించెను. ఆయన మార్లవాయిలో నివసించి, 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ వెలువరించెను. మూడు దశాబ్దములు గడచిన తరువాత అవే పల్లెలను మరల చూచి వ్రాయుట ప్రస్తుత గ్రంథమునకు గల బలము. ఇట్టి అవకాశము ఏ కొలదిమందికో లభించును.

1961లో సుమారు 10 లక్షలున్న జిల్లా జనాభా 1991 నాటికి 20.8 లక్షలైనది. అదే కాలమున రాష్ట్ర జనాభా 3.6 కోట్లనుండి 6.65 కోట్లకు పెరిగినది. రెండు పెరుగుదలలకును భేదము పెద్దది కాదు. జిల్లా మొత్తములో బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుగనుల జనము కూడ కలిసియున్నది. ఉట్నూరు కొండలలోనికి ఎవరు వచ్చిరో, ఎవరి భూమి పోయినదో ఆ మొత్తము చెప్పదు. తాలూకా లెక్కను, గ్రామముల లెక్కను విడదీసి చూపుట హైమన్‌డార్ఫు చేసిన మేలు.

పొలమును కొన్నేండ్లు బీడు విడిచి మరల దున్నుట గోండుల అలవాటు. ఆ బీడు కాగితముపై సర్కారు భూమి అయినది. బాటలు పడగానే మైదానములనుండియు, మహారాష్ట్రనుండియు వచ్చినవారు దానికి పట్టాలు పొందిరి. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 సవరణ వచ్చునప్పటికే చాల భూమి చేతులు మారినది.

లెక్కలు నేర్చు విద్యార్థి గమనింపదగిన చిక్కు మరొకటి కలదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల సంఖ్య 1971లో 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. పదేండ్లలో ఏ జాతియు ఇట్లు ఇబ్బడి కాజాలదు. 1976 చట్టమువలన తెలంగాణపు లంబాడాలు జాబితాలో చేరుట ఇందుకు ప్రధాన కారణము. పెరిగినది ప్రజలకంటె నిర్వచనమే!

గ్రంథకర్త గోండుల పక్షమున నిలిచినాడు, ఆ సంగతి దాచలేదు. అయితే వలస వచ్చిన రైతు ఇందు ఎక్కువగా ఆక్రమణదారుగనే కనబడును. కరీంనగరు మెట్ట పల్లెలలో అతనిని ఇల్లు విడిపించిన కరవునకు, అప్పునకు ఈ గ్రంథమున చాలినంత చోటు దొరకలేదు. నా దృష్టిలో ఇది చిన్నలోపము కాదు. వలసకు రెండు కొనలుండును.

తరువాతి కథకై జనాభా లెక్కలనే ఆశ్రయింపవలెను. 2001–2011 మధ్య ఆదిలాబాదు 10.18 శాతము, కరీంనగరు 8.15 శాతము మాత్రమే పెరిగినవి. కరీంనగరులో వేయిమంది పురుషులకు 1008 మంది స్త్రీలు. పురుషులు గల్ఫు దేశములకు పోవుట ఇందుకొక కారణము. 2016లో ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైనది. పాత అంకెలతో పోల్చువారు ముందుగా ఆ నాలుగింటిని కూడుకొనవలెను.