సాగనంపే ఊరేగింపు: ఏలూరు గంగానమ్మ జాతర, ఐరిష్ పాట్రిక్ దినోత్సవం

జానపద విజ్ఞాన వ్యాసాలలో జాతరను 'సాంస్కృతిక ఉత్సవం' అనడం పరిపాటి అయింది. ఒక జాతి తన సంస్కృతిని వీధిలో ప్రదర్శించి సంబరపడుతుందనే భావం ఆ మాటలో ఉంది. ఈ భావానికి ప్రపంచంలో బహుళ ప్రసిద్ధమైన ఉదాహరణ ఐర్లండువారి సెయింట్ పాట్రిక్ దినోత్సవం. ఏలూరు గంగానమ్మ జాతరను దాని పక్కన నిలిపి చూస్తే ఆ మాట జాతరకు ఎంతవరకు చెల్లుతుందో తెలుస్తుంది.

మార్చి 17 ఐర్లండులో ముందుగా ఒక మతపరమైన పర్వదినం. 1903లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టంతో అది అక్కడ సెలవుదినమైంది. వీధి ఊరేగింపు మాత్రం ప్రధానంగా ప్రవాసులు పెంచిన రూపం. బ్రిటిషు సైన్యంలోని ఐరిష్ సైనికులు 1762లోనే న్యూయార్కు వీధులలో ఊరేగారు. 1845 తరువాత బంగాళదుంప పంటకు తెగులు సోకి కరువు రాగా లక్షలమంది అమెరికాకు వలసపోయారు. తమను చిన్నచూపు చూసే నగరానికి తమ సంఖ్యాబలాన్ని చూపడానికి వారికి ఆ ఊరేగింపు సాధనమైంది. డబ్లినులో నేడు కొన్ని రోజులపాటు సాగే ఉత్సవం 1996లో మొదలైంది. పరాయి నేలపై పెరిగిన రూపం అలా పుట్టింటికి చేరింది. ఇందులో వీధి రంగస్థలం. చూసేవారు లేకపోతే ఊరేగింపుకు అర్థమే లేదు. న్యూయార్కులో 1981 నుంచి జరుగుతున్న ఇండియా డే పెరేడ్ కూడా ఈ కోవలోనిదే.

ఏలూరులో వీధి స్థానం వేరు. అక్కడ వీధే జాతరకు కర్త. తూర్పు వీధి, పడమర వీధి, దక్షిణపు వీధి అంటూ ఎవరి జాతర వారిది. ఏడేళ్లకొకసారి వీధి తన దేవతలకు మేడ కట్టి, గంగానమ్మను, మహాలక్ష్మమ్మను, పోతురాజును నిలిపి, నెలల తరబడి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులాగా అమ్మను ఆదరిస్తుంది. గరగలను తలకెత్తుకొన్నవారు గడపగడపకు వస్తారు. పసుపునీళ్ల బిందెతో వాకిట నిలిచిన ఇల్లాలిని ప్రేక్షకురాలు అనడానికి వీలులేదు. పాట్రిక్ ఊరేగింపు జనం ముందుగా సాగిపోతుంది. గరగ ఇంటి ముందు ఆగుతుంది. ఈ ఆగడాన్ని మన పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదు.

అంతకంటె ముఖ్యమైనది ముగింపు. జాతర కొర్లబండితో ముగుస్తుంది. ఈ పేరులోని 'కొర్ల' శబ్దాన్ని 'కొఱ్ఱు'కు బహువచన రూపంగా గ్రహించవచ్చు. కొఱ్ఱు అంటే శూలం. కొఱత వేయడం అనే పలుకుబడి ఆ కుదురులోనిదే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రకటించిన దక్షిణ భారత గ్రామదేవతల గ్రంథంలో, కొఱ్ఱులు నాటిన బండిపై ప్రాణమున్న జంతువులను గుచ్చి ఊరేగించే తెలుగు ఆచారం ప్రస్తావన ఉంది. ఆయన చూపు మతప్రచారకుడి చూపు. అయినా వస్తువివరణ విలువైనదే. 1950లో మద్రాసు రాష్ట్రం జంతుబలులను నిషేధిస్తూ చట్టం చేసింది. బండి పేరు మాత్రం పాత భయాన్ని ఇప్పటికీ మోస్తూనే ఉంది.

ఆ భయం ఏమిటో భాషే చెబుతుంది. మశూచి సోకితే 'అమ్మవారు పోసింది' అంటారు. రోగానికీ దేవతకూ తెలుగు ఒకే పేరు పెట్టింది. కాబట్టి అమ్మను పిలవడమూ, మెప్పించడమూ, పొలిమేర దాటించడమూ ఒకే క్రియలోని మూడు దశలు. మూడవది లేకపోతే మొదటి రెండూ ప్రమాదకరం. తన వారసత్వాన్ని చాటుకొనే జాతి దానిని ఊరి బయట వదిలి రాదు. మశూచి ప్రపంచమంతటా నిర్మూలమైందని 1980లో ప్రకటించారు. ఆ తరువాత కూడా సాగనంపడం ఆగలేదంటే, వీధి తన అవసరాన్ని రోగం పేరుతో మాత్రమే లెక్కించుకోలేదన్నమాట.

కొల్లేటికోట పెద్దింట్లమ్మను ఇక్కడ ప్రతివాదంగా చూపవచ్చు. ఫాల్గుణంలో, అంటే ఇంచుమించు పాట్రిక్ దినోత్సవపు రోజులలోనే, ఆమె తిరునాళ్లు జరుగుతాయి. ఒకప్పుడు భక్తులు పడవలలో సరస్సు దాటి ఆ దీవికి చేరేవారు. అక్కడ దేవత స్థిరం, జనం చరం. అయితే ఈ ఉదాహరణ కూడా ప్రదర్శన వాదానికి పనికిరాదు. నీటి మీద పడవలో వచ్చేవారిని గట్టున నిలబడి చూసే నగరం లేదు. ఏలూరుకూ కొల్లేటికోటకూ ఉన్న తేడా దేవత కదలికది, చూపులది కాదు.

ఇటీవలి జాతర వర్ణనలలో మేడల అలంకరణకు, విద్యుద్దీపాలకు పేజీలు దక్కి, కొర్లబండికి ఒక్క వాక్యం మిగులుతోంది. 'సాంస్కృతిక ఉత్సవం' అనే పరిభాష చేసిన పని ఇది: కంటికి ఇంపైనదానిని ముందుకు తెచ్చి, ఇంపుకానిదానిని అనుబంధంలోకి నెట్టింది. ఐరిష్ ఊరేగింపు మరునాడు ఛాయాచిత్రాలలో నిలుస్తుంది. కొర్లబండి వెళ్లాక వీధిలో మేడ కూడా మిగలదు. మళ్లీ ఏడేళ్లకు గాని కట్టరు.