నోట్లో పొదిగే తల్లి

మలావీ సరస్సు రాళ్ల సందుల్లో తిరిగే సిక్లిడ్ చేపలను ఇంట్లో అద్దాల తొట్టెలో పెంచి పిల్లల్ని తీయడం ఎంత ఓపిక కావాల్సిన పనో దగ్గరుండి చూస్తేగాని తెలియదు. పని తెలిసినవాళ్లు ముందు రాళ్లు పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోస్తారు. ఈ చేపలు ఇసుకను నోటితో తోడేస్తాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఏదో ఒకనాడు ఒరిగి అద్దాన్ని పగలగొడుతుంది. నీళ్ల పీహెచ్ 8కి అటూ ఇటూ ఉండాలి. పప్పు ఉడకదని మనం తిట్టుకునే బోరు నీళ్లు చాలాచోట్ల వీటికి భేషుగ్గా సరిపోతాయి!

నాకు అన్నిటికన్నా అబ్బురం ఆడచేప. గుడ్డు పెట్టీ పెట్టగానే నోట్లోకి తీసుకుంటుంది. మగచేప కింది రెక్క మీద గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి; ఆమె అక్కడ నోరు చేర్చినప్పుడు అతను వీర్యం వదులుతాడు. ఇక సుమారు మూడు వారాలు కడుపు మాడ్చుకుంటుంది. గొంతు కింద సంచి ఉబ్బుతుంది, దవడ ఏదో నములుతున్నట్టు మెల్లగా కదులుతుంది. అంత చిన్న కదలికను పసిగట్టే కన్నుకు దండం పెట్టాలి. మెత్తటి వలతో పట్టి వేరే తొట్టెలోకి మార్చే చేతికీ అంతే. కంగారుపడితే తల్లి గుడ్లు ఉమ్మేస్తుంది, మింగేయనూ వచ్చు.

ఒక ఉదయం తొట్టె అడుగున సెంటీమీటరంత పిల్లలు. పెంచిన మనిషి ఊపిరి బిగబట్టి, మేతను రెండు వేళ్ల మధ్య పిండిలా నలుపుతూ ఉంటాడు.